దుర్భిణిలో వంకర గీత

బిలాస్‌పూర్,
ఆదివారం.

చిరంజీవి ప్రత్యూషకు నాన్న ఆశీస్సులతో రాస్తున్నది.

ఇక్కడ నేనూ, మీ అమ్మా, ఆవిడ తులసి మొక్కా కులాసా. అక్కడ వాల్తేరులో నీ అసిస్టెంట్ డ్రైవరు డ్యూటీ, నీ తిండి, నీ నిద్ర సక్రమంగా సాగుతున్నాయనుకుంటాను. మూడోది సాగదని తెలిసే అడుగుతున్నాను, ఇంజిన్ వాళ్ళింట్లో అదొక ఆనవాయితీ. నా పుట్టినరోజుకి నువ్వు కష్టపడి తెలుగులో రాసిన జాబు అందింది. గుణింతాలు సగం పట్టాలు తప్పినా చదివి మురిసిపోయాను. జాబుకు జాబే మర్యాద కదా! పైగా ఈ సంగతి ఫోన్లో చెబితే నా గొంతు విని సగంలోనే కనిపెట్టేస్తావు. నీకు తెలుగు చదవడం గూడ్సుబండి నడకే గనక, అక్షరాలు పెద్దవిగా రాస్తున్నాను.

నువ్వడిగినవి రెండు. తాత రైఫిల్‌కి ఏ స్కోప్ కొన్నావు నాన్నా అని ఒకటి. వచ్చే వేసవిలో నువ్వు రిటైరయ్యే రోజున నడిపే ఆఖరి బండికి ఇప్పుడే సెలవు అడగనా అని రెండోది. ఇంజిన్‌కి బంతిపూల దండలు, ప్లాట్‌ఫారం మీద డప్పులు, డ్రైవరుని భుజాల మీద మోసుకుంటూ దించడం... మన రైల్వే వాళ్ళకి అది రెండో పెళ్ళి. తిరుమలరావు అంకుల్ ఆఖరి బండి రోజున "మా నాన్నకెప్పుడు?" అని ప్లాట్‌ఫారం మీద నువ్వు చేసిన గొడవ ఇప్పటికీ చెప్పుకుంటారు. నాకూ ఆ రోజు మీద ఆశే, అబద్ధమెందుకు. దానికి జవాబు తరవాత రాస్తాను, ముందు స్కోప్ సంగతి, అదే ఆ గురి దుర్భిణి సంగతి, విను.

తాత ఆ తుపాకి పట్టుకుని అడవిపందుల వెంట తిరిగిన రోజులు వేటని నిషేధించిన చట్టంతో పోయాయి. లైసెన్సు నా పేరుకి మారాక అది షూటింగ్ క్లబ్బు రేంజిలో గురికి పెట్టిన కాగితాన్ని తప్ప దేన్నీ కొట్టలేదు. ఈ ఏడాది కాగితాన్ని కొట్టడం కూడా మానేసింది. గొట్టం చివర ఉండే గురి మసకేస్తోందంటే, "వయసు నాన్నా, స్కోప్ పెట్టించు" అన్నావు.

గోల్ బజార్ తుపాకుల దుకాణంలో రకరకాలు ముందు పెట్టారు. నేను సహజంగానే అన్నిటికంటే పెద్దదాన్ని పట్టుకున్నాను. ఎదురు మేడ మీద ఆరేసిన చీర అంచు కూడా కనిపించింది (మీ అమ్మకి చెప్పకు), కానీ నేను ఊపిరి తీసినప్పుడల్లా మేడంతా ఊగింది. "జిత్‌నా బడా, ఉత్‌నా హిలేగా అంకుల్‌జీ" అని నవ్వాడు దుకాణం అబ్బాయి. ఎంత పెద్దదైతే అంత ఊగుతుందట. నాలుగు రెట్లు మాత్రమే పెంచి చూపే బుల్లిది తీసుకున్నాను.

తుపాకి మీద పట్టీ వాళ్ళే బిగించారు. రింగుల్లో స్కోప్ కూర్చోబెట్టే పని నాది. కంటికీ గాజుకీ నాలుగు వేళ్ళ ఎడం ఉండాలి, లేకపోతే పేలినప్పుడు వెనక్కి తన్ని కనుబొమ్మ చీలుతుంది. మరలు కూడా ఒకదాన్నే పూర్తిగా బిగించకూడదు, కాస్త ఇదీ కాస్త అదీ తిప్పుతూ పోవాలి. అన్నిటికంటే ముఖ్యం, లోపల కనిపించే నిలువు గీత నిటారుగా నిలవాలి. అందుకని పెరటి చివర జామకొమ్మకి దారం కట్టి, దాని కొసకి బరువైన నట్టు వేలాడదీశాను. ఖాళీ తుపాకిని బల్ల మీద ఇసుక సంచుల మధ్య పెట్టి, గాజులోంచి దారాన్ని చూశాను.

నిలువు గీత మధ్యలో వంగి ఉంది.

నాసిరకం అంటగట్టారని మండిపడుతూ గోల్ బజార్ వెళ్ళాను. అబ్బాయి చూశాడు, వాళ్ళ నాన్న చూశాడు. "ఏక్‌దమ్ సీధా హై" అన్నారు ఇద్దరూ. ఇన్నేళ్ళు ఇంజిన్ నడిపినవాడికి ఏది తిన్ననో మీరు చెబుతారా అని గొంతు పెంచాను. పాపం, మారు మాట్లాడకుండా ఇంకోటిచ్చారు. తెచ్చి బిగిస్తే అదీ వంకరే. ఆడలేక మద్దెల ఓడన్నది నాలాంటివాణ్ణి చూసే అయ్యుంటుంది.

మీ అమ్మ గుమ్మంలో బియ్యం ఏరుతూ ఇదంతా చూస్తోంది. చేట పక్కన పెట్టి వచ్చింది.

"ఏటండీ, రెండు గాజులూ ఒక్కచోటే వంగుతాయేటి? ఇలా తిరగండి" అని తన అరచేత్తో నా ఎడమ కన్ను మూసింది. "ఇప్పుడు ఆ దారాన్ని చూడండి."

గాజు లేదు, తుపాకి లేదు. నట్టు బరువుకి నిటారుగా వేలాడుతున్న దారం నా కుడి కంటికి మధ్యలో వంగింది. వంగినచోట బూడిదరంగు మచ్చ.

"ఏటి కనబడతంది?" అంది. ఆవిడ చెయ్యి తియ్యలేదు.

ఆ సాయంత్రం నాకు కోర్బా బొగ్గు బండి ఉంది. డ్యూటీలు వేసే లాబీకి ఫోన్ చేసి ఎక్కనన్నాను, మర్నాడు రైల్వే ఆసుపత్రికి వెళ్ళాం. కంటి వెనక పొర నడిమధ్యన దెబ్బతిందట. రెండు కళ్ళూ తెరిస్తే మంచిది చెడ్డదాని లోపం కప్పేస్తుందట. సూదులు వేస్తే ఇంకా ముదరకుండా ఆపవచ్చు గానీ, ఇంజిన్ మాత్రం ఇక ఎక్కకూడదు అంది డాక్టరమ్మ. ఇప్పుడు నాకు లాబీలో కుర్చీ పని. నీకు చెప్పొద్దని మీ అమ్మ చేత ఒట్టు వేయించుకున్నాను. అందుకే ఈ మధ్య ఆవిడ ఫోన్లో ముక్తసరిగా మాట్లాడుతోంది, ఆవిణ్ణేమీ అనకు.

కాబట్టి సెలవు అడగకు తల్లీ. నా ఆఖరి బండి ఎప్పుడో అయిపోయింది. రాయ్‌గఢ్ నుంచి తెచ్చిన ఖాళీ వ్యాగన్లు. సంచీ, టార్చీ తీసుకుని దిగి టీ తాగడానికి పోయాను. అదే ఆఖరిదని నాకే తెలీదు. తెలిశాక ఏడ్చాను, దాచను.

స్కోప్ సంగతంటావా, మీ అమ్మ కన్ను పెట్టి "కుడికి, ఇంకాస్త, చాల్చాలు" అంటుంటే నేను మరలు తిప్పాను. కుదిరింది.

అసలు ఈ జాబు రాసింది ఇందుకు. మొన్న నా అసిస్టెంట్ రోహన్ చూడ్డానికొచ్చాడు. టీ గ్లాసు తిప్పుతూ చెప్పాడు. "సార్, కొన్నాళ్ళబట్టీ సిగ్నల్ మీరు నా తరవాతే పలుకుతున్నారు. నేను పచ్చ అన్నాకే మీరు పచ్చ అనీవోరు."

"మరి అడగలేదేం?"

"పెద్దోరు కదండీ, ఎలాగడుగుతాను?"

సిగ్నల్ రంగు ఇద్దరూ ఎవరి కంటితో వాళ్ళు చూసి పైకి పలకాలన్నది మన నియమం. వాడి కన్ను ఒక్కరోజు తడబడి ఉంటే నా నోరూ వాడి మాటే పలికేది, బండి వెళ్ళిపోయేది. వాణ్ణి తిట్టలేను. పెద్దవాళ్ళని ఎదురు ప్రశ్నించకూడదని నీకు నేర్పిందీ నేనే. ఇంట్లో అలాగే ఉండు, ఇంజిన్లో వద్దు. నీ పక్కనున్నాయన నీ మాట విని సిగ్నల్ పలుకుతున్నాడని అనుమానం వస్తే, ఆ క్షణమే అడుగు. కోప్పడితే పడనీ. ఎంత సీనియర్ అయినా అడుగు. ఆ సీట్లో మీ నాన్న కూర్చున్నా సరే, అడుగు.

ఇట్లు,
నీ మేలు కోరే నాన్న
అప్పలకొండ