ప్రభాకర్ గారి చేపలు మనకొద్దు

ఏవండీ, నేను ఆస్పత్రికి డ్యూటీకి వెళ్తున్నాను. కూర ఫ్రిజ్‌లో ఉంది, అన్నం మీరు వండుకోండి. ప్రభాకర్ గారు ఫైనల్ ఎగ్జిట్‌లో ఇండియాకి వెళ్ళిపోతున్నారు కదా, సాయంత్రం తన సముద్రపు చేపల్ని బకెట్‌లో తెచ్చి మనకిచ్చి పోతారట. టీ ఇచ్చి, ఆ బకెట్‌తోనే వెనక్కి పంపండి. మీకు నోరు రాకపోతే నా పేరు చెప్పండి. ఆ చెడ్డపేరు నాకేం కొత్త కాదు.

శరత్ ఇచ్చి వెళ్ళిన పసుపు చేప తెల్లారేసరికి చచ్చి తేలింది. పారేయకుండా మీ కాఫీ కప్పు పక్కనే పళ్ళెంలో పెట్టాను. దాని రెక్కలు చూడండి, చోటు కోసం మిగతావి ఎలా కొరికేశాయో.

జెడ్డా వదిలి వెళ్ళే ప్రతివాళ్ళూ సోఫా ఒకరికి, మిక్సీ ఒకరికి, చేపలు మాత్రం మనకి ఇచ్చిపోతున్నారు. వద్దనడానికి మీకు మొహమాటం. ఆ మొహమాటానికి ఊపిరాడక చస్తున్నది మీరు కాదు. ఎర్ర సముద్రంలో తిరగాల్సినవాటిని టీవీ అంత గాజు పెట్టెలో కుక్కి, దాన్ని జాలి అనుకుంటున్నారు.

శుక్రవారం శరత్ వీడియో కాల్ చేస్తాడు. పోయినసారి పద్మనాభం గారి చేప చచ్చినప్పుడు ఆయనకి చూపించినట్టు ఇంకో చేపను చూపించి "ఇదిగో, మీదే" అనకండి. చచ్చిపోయిందని చెప్పండి. ఎందుకు చచ్చిందో కూడా చెప్పండి.

మరిచాను, నీలం చేప మూలకి నక్కి మేత ముట్టడం లేదు. దానికి విడిగా వేయండి. మనం ఇష్టపడి కొనుక్కున్నది అదొక్కటే. రేపు మనమూ ఎగ్జిట్‌లో వెళ్ళేటప్పుడు దాన్ని ఎవరికి అంటగట్టాలో, మీలా కాదనలేనివాళ్ళని ఇప్పుడే చూసిపెట్టండి.