ఫోన్లో సెప్పిన పేరు

మంగళవారం రాత్రి, ఛత్రపూర్

మస్కట్‌లో పడవ పనికెల్లిన మా ఆయనకి మూడు రోజులుగా జొరం. ఆస్పత్రికెల్దామని డబ్బులు తియ్యబోతే మన బ్యాంకు కార్డుని అక్కడి ఏటీఎం ఒప్పుకోలేదంట. బయట దేశంలో వాడతామని ముందే బ్యాంకుకి సెప్పాలంట. మాకేటి తెలుసు!

ఖాతా ఇద్దరిదీ, ఫోన్ నంబరు నాది. అందుకని పొద్దున్న నేనే బ్యాంకుకి ఫోన్ సేసేను.

"కార్డు మీద ఎవరి పేరుంది?" అని బ్యాంకు అమ్మాయి ఒడియాలో అడిగింది.

"మా పాప నాన్నది."

"ఆయన పేరు చెప్పండి."

రాసిమ్మంటే రాసిచ్చీదాన్ని. ఫోన్లో ఎలాగ రాస్తాను? పెళ్లయి పదహారేళ్లు, ఆ పేరు నోటితో అన్లేదు. పెళ్లాం మొగుడి పేరెత్తితే ఆయనకి ఆయుస్సు తగ్గిపోద్దని మాయమ్మ సెప్పింది, అత్త కూడా సెప్పింది. నేను మాటాడకపోతే ఆ పిల్ల ఫోన్ పెట్టీసింది.

రెండోసారి సేసినప్పుడు అత్త పక్కన కూకుంది. "సెప్పీయే, ఆడికి మందులు కావాల" అని, తన సెవులు రెండూ మూసీసుకుంది. నేను గోడకేసి తిరిగి సెప్పీసేను.

మద్దేనం ఆయన ఫోన్ సేసేడు. "డబ్బులొచ్చేయి. ఆస్పత్రికెల్తన్నాను" అన్నాడు.

అంతే, మళ్లీ ఫోన్ లేదు. ఏడుసార్లు సేసేను. మోగుతంది, ఎత్తట్లేదు. మందులేసుకుని పడుకున్నాడేమో. పడుకునే ఉంటాడు. అత్త నా మొకం సూడట్లేదు.

ఇందాక ఇక్కడ ఆయన పేరు రాయబోయి పెన్ను ఆపీసేను. ఈ రోజుకి ఒకసారి సాలు.