కుడి కాలు తొక్కితే

బంగారం లాంటి నాన్నకి,

నీ చెక్క పెడళ్లు మూడు రోజుల కిందట చేరాయి. అమ్మ దుప్పటి చుట్టిన తీరు చూసి పార్సిల్ తెచ్చినతను "లోపల పసిపిల్లేమైనా ఉందా అమ్మా?" అని అడిగాడు. విప్పాక చాలాసేపు ముట్టుకోలేదు, చూస్తూ కూర్చున్నాను.

మిలిటరీ పైలట్ల ఎంపిక పరీక్ష అంటే కాగితం మీద రాసేది కాదని నీకు చెప్పీ చెప్పీ నా నోరు నొప్పెట్టింది. పెడళ్లు తొక్కుతూ తెర మీద చుక్కని నడిమధ్య నిలపాలి. అదే సమయంలో చెవిలో అంకెలు వినిపిస్తుంటాయి, బేసి అంకె వస్తే బటన్ నొక్కాలి. నేను గీసి పంపిన వంకర బొమ్మ చూసి ఇంత పని చేస్తావనుకోలేదు. కాళ్ల కింద అడ్డకర్ర, దాని రెండు కొసల నుంచి రెండు దారాలు, ఎదురుగా పలక మీద ముల్లు! నా గదిలో ఉండే నర్సక్క డ్యూటీ దిగి రాగానే టీ గ్లాసుతో పలక పక్కన చేరి, వేలితో ముల్లుని అటూ ఇటూ నెడుతూ పేపర్లోంచి అంకెలు చదువుతుంది. నేను ముల్లుని మధ్యకి లాక్కొస్తూ బేసి అంకెకల్లా "ఊ" అంటాను. నిన్న "తిన్నావా?" అని అడిగితే "సరి" అన్నానట. కడుపు పట్టుకుని నవ్వింది.

విచిత్రమేమిటంటే నా కాళ్లకి ఇదేమీ కొత్తగా లేదు. ముల్లు మొదటి రోజే లొంగిపోయింది. ఈ పరీక్షకి జన్మకి ఒక్కసారే కూర్చోనిస్తారు, తప్పితే మళ్లీ ఆ గడప తొక్కనివ్వరు. అయినా భయం వేయడం లేదు. దీనికోసం వడ్రంగి దుకాణం నాలుగు రోజులు మూశావటగా? అమ్మే చెప్పింది. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు కదా.

నీ గడుగ్గాయి

నాన్నకి,

ఇది ఫోన్లో చెప్పొచ్చు. కానీ విన్నాక నువ్వు మాట్లాడకుండా ఉండిపోతావు, అది నేను తట్టుకోలేను. అందుకే ఉత్తరం.

కిందటి వారం నువ్వు "పెడళ్లు పనికొస్తున్నాయా?" అని రాస్తే "భేషుగ్గా" అని జవాబిచ్చాను. అది అబద్ధం. అంతకు రెండు రోజుల ముందే మా కాలేజీకి రిటైరైన పైలట్ ఒకాయన నమూనా యంత్రం తెచ్చి, పరీక్షకి వెళ్లేవాళ్లని ఒక్కొక్కరినీ కూర్చోబెట్టారు. నేను ధీమాగా వెళ్లి కూర్చున్నాను. చుక్క ఎడమకి జరిగితే దాన్ని మధ్యకి తేవడానికి ఎడమ కాలు తొక్కాను, అది ఇంకా ఎడమకి పోయి తెర దాటేసింది. కుడి తొక్కితే కుడికే పోతుంది నాన్నా, అసలు విమానంలో. మన పలక మీద కుడి తొక్కితే ముల్లు ఎడమకి వెళ్తుంది. "నీకిలా ఎవరు నేర్పారమ్మా?" అని ఆయన అడిగితే "ఎవరూ నేర్పలేదండీ" అన్నాను. అది రెండో అబద్ధం.

గదికి వచ్చి పెడళ్ల ముందు కూర్చుంటే అర్థమైంది. నువ్వు నా చిన్నప్పటి చెక్కబండి లెక్కనే చేశావు. ఆ బండిలో కుడి కాలితో ఇరుసుని ముందుకి తోస్తే ముందు చక్రాలు ఎడమకే తిరిగేవి. అందుకే నా కాళ్లకి కొత్తగా అనిపించలేదు. చేసినవాడికీ తెలియలేదు, తొక్కినదానికీ తెలియలేదు, తండ్రీకూతుళ్లం సరిపోయాం. దారాలు మార్చి కట్టి చూశాను. ఆరేళ్ల వయసులో నేర్చుకున్న కాళ్లు, మాట వినడం లేదు.

పరీక్షకి ఇంకా పద్దెనిమిది రోజులున్నాయి. ముందే పేరు వెనక్కి తీసుకుంటే ఆ ఒక్క అవకాశం పోదు, వచ్చే ఏడాదికి ఉంటుంది. తీసేసుకుందామనే అనుకుంటున్నాను. నీకు మాత్రం తారీఖు మారిందని చెబుదామనుకున్నాను. నాకు తొమ్మిదేళ్లప్పుడు లెక్కల మాస్టారు నువ్వు చేసిచ్చిన మంచం తిరిగి పంపిస్తే నువ్వు రెండు పూటలు అన్నం ముట్టలేదు. అది నేను తలుపు సందులోంచి చూశాను. మళ్లీ నా వల్ల అలా కాకూడదని వారం రోజులు మింగలేక కక్కలేక ఉన్నాను. నర్సక్క "చెప్పవే, లేకపోతే నేను చెప్తా" అని కూర్చోబెట్టి రాయిస్తోంది.

నీ కూతురు

చిట్టితల్లికి,

నీ ఉత్తరం మీ అమ్మే చదివి వినిపించింది. నా కళ్లజోడు మీద ఆవిడ కూర్చుంటే విరిగింది, అది వేరే కథ.

బాధ పడలేదంటే అబద్ధం అవుతుంది. ఒక పూట బాధపడ్డాను. తర్వాత దుకాణంలో ఇంకో అడ్డకర్ర బిగించి నేనే తొక్కి చూశాను. నువ్వు చెప్పిందే నిజం. నీ బొమ్మలో బాణాలు సరిగ్గానే ఉన్నాయి, నేనే నాకు తెలిసిన బండి చేసి పంపాను. నలభై ఏళ్ల పనితనం అని మురిసిపోయినవాడిని, బాణం ఎటుందో చూడలేదు.

మంచం సంగతి నీకు సగమే తెలుసు. అది తిరిగొచ్చినందుకు కాదు నేను తిననిది. దాని కాలొకటి పొట్టిదని మాస్టారుకి మొదటి రోజే తెలుసు. నేను నొచ్చుకుంటానని ఏడాది పాటు చెప్పకుండా నేల మీద పడుకున్నాడు. నడుం పట్టేసి లేవలేకపోతే అప్పుడు వాళ్లావిడ పంపించింది. నా మీద గౌరవంతో ఒక మనిషి ఏడాది నేల మీద పడుకున్నాడే అని నాకు ముద్ద దిగలేదు. చెప్పి ఉంటే పావుగంట పని.

ఇప్పుడు నువ్వూ అదే చేశావు. రేపు విమానం ఎక్కాక ఏదో సరిగ్గా లేదని తెలిస్తే, మెకానిక్ బాధపడతాడని ఊరుకుంటావా? పైలట్‌వి కావడానికి నీ కాళ్లు సరిపోతాయో లేదో ఆ యంత్రం చెబుతుంది. ఈ అలవాటు మాత్రం సరిపోదని నేనే చెబుతున్నాను. వెళ్లాలో మానాలో నువ్వే చూసుకో. మానితే వీధిలో అందరికీ నేను చెప్పుకుంటాను, టాంటాం వేసిందీ నేనే కదా. కానీ నా కోసం మానకు.

కాళ్లదేముంది. నేను కూడా దారాలు మార్చి కట్టి రోజూ సాయంత్రం తొక్కుతున్నాను. నాలుగో రోజుకి కుడి కుడికే వస్తోంది. అరవై ఏళ్ల కాళ్లు నేర్చుకుంటే ఇరవై రెండేళ్ల కాళ్లకేం రోగం?

మీ నాన్న

నాన్నకి,

పేరు వెనక్కి తీసుకోలేదు. నీకు నాలుగు రోజులు పట్టింది, నాకు పదకొండు. నవ్వకు.

ఇవాళ పొద్దున పరీక్ష. ఒక్కొక్కరికీ ఒక గూడు లాంటి గది, తెర, చేతికి స్టిక్, కాళ్లకి పెడళ్లు. మొదలయ్యే ముందు ఒక్క నిమిషం తొక్కి చూసుకోమన్నారు. ఎడమ పెడల్ తొక్కి వదిలితే పూర్తిగా వెనక్కి రావడం లేదు. పక్క గదుల్లో అందరూ మొదలెట్టడానికి సిద్ధం. ఆఫీసరు గడియారం చూస్తున్నారు. ఇంత చిన్నదానికి అందరినీ ఆపడమెందుకు, సర్దుకుపోదాం అని ఒక్క క్షణం అనిపించింది. ఒక్క క్షణమే. చెయ్యెత్తాను.

ఆయన వచ్చి తనే కూర్చుని రెండుసార్లు తొక్కి చూశారు. "పొద్దున్నుంచి ఈ సీట్లో ఇద్దరు కూర్చుని వెళ్లారు. ఒక్కరూ చెప్పలేదు" అన్నారు. నన్ను పక్క గదికి మార్చి, ఆ ఇద్దరినీ మళ్లీ కూర్చోబెట్టమని లోపలికి కేకేశారు. వాళ్లలో ఒకబ్బాయి బయట మెట్ల మీద తల పట్టుకుని కూర్చున్నాడు. పిలుపు వినగానే చెప్పులు వదిలేసి పరుగెత్తుకొచ్చాడు.

సాయంత్రానికే జాబితా చదివారు. ఆ అబ్బాయీ, నేనూ ఇద్దరం ఎంపికయ్యాం నాన్నా.

నీ పైలట్