సర్వేలో లేని సత్తెమ్మ

జూలీ,

రాజేంద్రనగర్‌లో ఈ గణాంకాల శిక్షణకు వచ్చాక, పొలాలమ్ముకున్న కుటుంబాల మీద మనమిద్దరం చేసిన సర్వేకు నేనే గ్రాఫు గీశాను. ఒక్కో కుటుంబానికి ఒక్కో చుక్క. మా టీచర్ చూసి, "అమ్ముకుని చితికిపోయినవాళ్ళు ఒక్కరూ లేరా?" అని అడిగారు.

నాకు తుక్కుగూడ సత్తెమ్మ గుర్తొచ్చింది. ఆమె చెప్పింది రాసుకున్నది నేను, కంప్యూటర్‌లో ఎక్కించింది నువ్వు. ఇప్పుడు అందులో ఆమె లేదు.

నా జ్ఞాపకం మీదే అనుమానమొచ్చి పోయిన వారం మళ్ళీ ఆమె దగ్గరికి వెళ్ళాను.

"మల్ల అడుగుతున్నవేంది బిడ్డా? పొలం పాయె, పైసలు పాయె. ఇప్పుడు ఎయిర్‌పోర్టుల ఊడుస్తున్నా అని అప్పుడే చెప్పిన గద!" అంది.

మన పరిశోధన చూసే గైడ్‌ను అడిగితే, "అవన్నీ జూలీ చూసుకుందమ్మా" అన్నారు. అప్పటినుంచీ నువ్వు ఫోన్ ఎత్తడం లేదు. ఆయన తీసెయ్యమన్నారా, నువ్వే తీసేశావా? ఈ శిక్షణకు వెళ్ళొద్దని నన్ను అంతగా ఎందుకు బతిమాలావు?

ఈ సర్వేతో మనం ముగ్గురం అచ్చువేయబోయే వ్యాసంలో సత్తెమ్మలాంటివాళ్ళు లేకపోతే దాని మీద నా పేరు ఉండకూడదని ఆయనకు చెప్పేశాను. నీ పేరు సంగతి నువ్వే తేల్చుకో. ఫోన్‌లో వద్దు, నా ఎదురుగా కూర్చుని చెప్పు.

ఇంకా నీ స్నేహితురాలినే