మీ సీడార్ కంచె కొట్టించేశాను

ఏమండీ,

మీరు పోయి నేటికి ఏడాది. పొద్దున మన మిస్సిసాగా ఇంటి ముందు మీరు పెంచిన సీడార్ కంచె కొట్టించేశాను.

పక్కింటి బేస్‌మెంట్‌లో మన తెలుగు స్టూడెంట్లు అద్దెకి దిగగానే, "వాళ్ల కళ్లన్నీ మన వాకిట్లోనే" అని విసుక్కున్నారు. చలికాలంలోనూ ఆకు రాల్చని మొక్కలే కావాలని వెతికి తెచ్చి, సందు లేకుండా నాటారు. నడుమెత్తు చాలండీ అంటే విన్నారా? మనిషెత్తు దాటించారు.

మంచు తీస్తూ మీరు పడిపోయినప్పుడు నేను డ్యూటీలో ఉన్నాను. ఆ పిల్లలు కంచెకి అవతలే బస్సు కోసం నిలబడి ఉన్నారు.

"అంకుల్ కనిపించుంటే పరిగెత్తుకొచ్చేవాళ్లం ఆంటీ," అంటూ వాళ్లలో ఒకమ్మాయి ఇవాళ కొమ్మలు మోస్తూ ఏడ్చింది. నాకు ఏడుపు రాలేదు, మీ మీద ఒళ్లు మండింది.

రేపు మంచు పడుతుందట. నేనే తీస్తాను. పడిపోతే ఎవరికైనా కనబడతాను.