ఎత్తు మధ్యలో ఆగే బండి

అన్నా,

నువ్వు పోయి రేపటికి ఏడాది. కాప్రా కాలనీలో జనాన్ని పైకి చేర్చడానికి నువ్వు నడిపిన గోల్ఫ్ కార్టును ఇప్పుడు నేనే నడుపుతున్నాను. ఈ వారం దాని పాత లెడ్ బ్యాటరీలు తీసేసి లిథియం పెట్టాను. పాత ఎలక్ట్రిక్ స్కూటర్ల నుంచి విప్పిన బ్యాటరీ ప్యాకులే. ఒక్కొక్కటి పరీక్షించి, మంచివి ఏరి, నా చేతులతో కలిపాను. గేటు నుంచి పై బ్లాకు దాకా ఉన్న ఎత్తంతా ఇప్పుడు ఒక్క ఊపులో ఎక్కేస్తోంది.

మెచ్చుకుంటారనుకున్నాను. పై బ్లాకు సుశీలమ్మ గారు దిగుతూ ఏమన్నారో తెలుసా?

"మీ అన్న సగంల ఆపేటోడు బిడ్డా. బ్యాటరీ దమ్ము తీసుకోవాలె అని ముచ్చట షురూ చేసేటోడు. నువ్వేందీ, ఎక్కినమో లేదో దింపేస్తున్నవ్!"

వెనక సీటులో ఉన్న మరో ఇద్దరు నవ్వారు. నాకు ఒళ్లు మండింది. నీకు స్పానర్ పట్టుకోవడం కూడా వచ్చేది కాదు. చివరికి బండి మొరాయించడం సైతం నీ గొప్పే అయింది.

ఇవాళ పొద్దున మళ్లీ ఆ ముగ్గురే ఎక్కితే, సగం ఎత్తులో కావాలనే ఆపాను. ఛార్జి నిండుగా ఉంది. ముగ్గురూ ముందుకు వంగి నా మొహంలోకి చూశారు. నాకు ఒక్క ముచ్చటా తోచలేదు. బ్రేకు మీద కాలు పెట్టుకుని అట్లాగే కూర్చున్నాను. ఇక కదుల్దామనుకుంటే సుశీలమ్మ గారు భుజం మీద చెయ్యి వేశారు.

"ఏం చెప్పకున్నా మంచిదే బిడ్డా. జెర సేపు ఆగు."

ఆగాను. ఆ కాసేపు కూడా నీ ఖాతాలోకే పోయింది, అన్నా.