గడ్డి తీసి కానుగ నాటాం

ప్రియమైన కరుణక్కకు,

చెల్లెలు సుజాత వందనాలతో రాసేది. ప్రభువు దయవల్ల నేను బాగున్నాను. నువ్వు, బావ, పిల్లలు ఎట్లున్నారు? నాయన మోకాలి నొప్పి తగ్గిందా? మన అర్ధవీడు వైపు ఫోన్ మాటిమాటికీ తెగిపోతుంది, ఈ సంగతేమో ఒక్క ముక్కలో తేలేది కాదు. అందుకే కాగితం పట్టాను.

నా గురించి బెంగ పెట్టుకోవద్దు. హైదరాబాదు శివార్లలో నేను తోటపని చేసే చోటు డేటా సెంటర్. కిటికీలు లేని పెద్ద భవనం, లోపల వరుసలుగా కంప్యూటర్లు. బావ రోజూ పంపే గుడ్ మార్నింగ్ బొమ్మలు ఇట్లాంటి చోటే దాచి ఉంటాయట! ఆ కంప్యూటర్లు వేడెక్కకుండా చల్లబరచడానికి బోలెడు నీళ్లు కావాలి. తిరిగి తిరిగి ఆ నీళ్లు ఉప్పెక్కితే బయటికి వదిలేస్తారు.

బిందెల వరుసలో నిలబడి పెరిగిన వాళ్లం కదక్కా, మొదట్లో అది చూస్తే నా ప్రాణం ఉసూరుమనేది. పైగా గేటు ముందున్న పచ్చిక కోసం పక్క ఊరి బోరు నుంచి రోజూ ట్యాంకరు వచ్చేది. గేటు దగ్గర టీ అమ్మే తాయమ్మది ఆ ఊరే. ఒకరోజు నన్ను పట్టుకుని అడిగింది.

"మా బోరు ఎండుతున్నది బిడ్డా. మేం తాగే నీళ్లు మీ గడ్డికి పోస్తున్నరు, మంచిగున్నదా?"

ఆ పూట నాకు అన్నం సహించలేదు.

ట్యాంకరు రాని వారం, మా సూపర్‌వైజర్ కొండయ్య మామ ఆ ఉప్పునీళ్లే గడ్డికి పెట్టమన్నాడు. ఆయనది కనిగిరి. మాడిపోతుందని చెప్పినా వినలేదు. కొద్ది రోజులకే నేల మీద ఉప్పు తెల్లగా పూసి గడ్డంతా మాడింది.

"ఏంది సుజాతా, ఇట్లయింది? ఇంజనీరు మేడం చూసిందంటే మనిద్దరి పనీ పోయినట్లే," అన్నాడు.

"ఉన్న మాట నేనే చెప్తాలే మామా," అన్నాను. నేరుగా మేడం దగ్గరికి పోయి జరిగింది చెప్పాను.

"మాకాడ బోరునీళ్లు ఇట్లనే ఉప్పు మేడం. చేలో సజ్జ మాడిపోయినా గట్టు మీది కానుగ మాడలే. ఈ గడ్డి తీసేసి కానుగ పెడదాం. ట్యాంకరుతో పనిలేదు."

ఆమె, "ముందు ఒక్క వరుస పెట్టు, చూద్దాం," అంది. నీళ్లు పరీక్షకు పంపి, పట్టి ఉంచిన వాననీళ్లు కలిపి పెట్టమంది. రోజూ పనిలోకి రాగానే ముందు ఆ మొక్కల దగ్గరికే పోయేదాన్ని. రెండు చచ్చిపోయాయి. మిగతావన్నీ చిగురేశాయి! పోయిన నెలలో పచ్చికంతా తీయించేశారు. గడ్డి కోసం వచ్చే ట్యాంకరు ఆగింది. ఇదంతా తన ఆలోచనేనని కొండయ్య మామ అందరికీ చెప్పుకుంటున్నాడు. చెప్పుకోనీలే.

లోపలి కంప్యూటర్లు మాత్రం ఇంకా నీళ్లు తాగుతూనే ఉన్నాయి. వాటికి నగరం మురుగునీటిని శుభ్రం చేసి తెప్పిస్తామని మేడం అంటోంది. చూడాలి.

ఒంటరిగా అనిపించినా ఆదివారం మందిరంలో మన వైపు వాళ్లు కనిపిస్తారు. ఎవరైనా ఇటు వస్తుంటే కాసిన్ని కొర్రలు పంపు. ఇక్కడి అన్నం నోటికి పట్టడం లేదు.

నాయనకు, పెద్దమ్మకు నా వందనాలు. పిల్లలకు ముద్దులు. నా కోసం ప్రార్థన చేయండి. తాయమ్మ ఊరి బోరు కోసం కూడా చేయండి. మునుపు ఒక్క బిందెకే కరువట, ఇప్పుడు పొద్దున పూట ఇంటికి రెండు బిందెలు వస్తున్నాయట.

మీ మేలు కోరే చెల్లెలు,
సుజాత